డ్రైవర్ కొనేటప్పుడు మీ మంచి షాట్‌ను కాదు, చెడ్డ షాట్లను చూడండి

సరదాకు గోల్ఫ్ ఆడేవారిలో చాలామంది డ్రైవర్‌ను, అంటే మొదటి షాట్‌ను దూరంగా కొట్టడానికి వాడే పొడవైన క్లబ్‌ను, ఒకే పద్ధతిలో కొంటారు. నాలుగైదు క్లబ్బులు వరసగా కొట్టి చూస్తారు. వాటిలో ఒకదానితో ఒక బంతి అద్భుతంగా తగులుతుంది, తెర మీద పెద్ద అంకె కనబడుతుంది. ఆ క్లబ్బే బ్యాగులోకి వస్తుంది. అదే క్లబ్బుతో కొట్టిన మిగతా తొమ్మిది బంతులు ఎక్కడ పడ్డాయో ఎవరూ లెక్క చూడరు. కోర్సులో మాత్రం స్కోరును తేల్చేవి ఆ తొమ్మిదే. అందుకే డ్రైవర్లను పోల్చేటప్పుడు నేను ముందుగా అడిగే ప్రశ్న, "ఇది ఎంత దూరం వెళ్తుంది?" అని కాదు, "మధ్యలో తగలనప్పుడు ఇది ఏం చేస్తుంది?" అని.

వేగానికి హద్దు ఎప్పుడో పడింది

డ్రైవర్ ఫేస్ (బంతికి తగిలే ముఖం) బంతిని ఎంత వేగంగా విసరవచ్చో గోల్ఫ్ నియమాలు రాసే రెండు సంస్థలు, ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ, ఇప్పటికే హద్దు గీశాయి. చిన్న లోలకంతో ఫేస్‌ను తట్టి, రెండూ ఒకదాన్నొకటి తాకి ఉన్న సమయాన్ని కొలుస్తారు. సడలింపుతో కలిపి అది 257 మైక్రోసెకన్లు దాటకూడదు. హెడ్ (క్లబ్ చివరి తల భాగం) పరిమాణం 460 సీసీ మించకూడదు. క్లబ్ పొడవు 48 అంగుళాలకు మించకూడదు. ఫేస్ మధ్యలో తగిలిన బంతి విషయంలో పేరున్న కంపెనీలన్నీ ఈ హద్దును దాదాపు ఆనుకునే ఉన్నాయి, అదీ చాలా ఏళ్లుగా.

కాబట్టి "కొత్త మోడల్‌తో పది గజాలు ఎక్కువ" అనే ప్రకటన చూసినప్పుడు ఆ గజాలు ఎక్కడి నుంచి వస్తాయో ఆలోచించాలి. సరిగ్గా మధ్యలో తగిలిన బంతికి పెద్దగా ఏమీ కలవదు. మధ్య తప్పిన బంతికి కొంత కలుస్తుంది, ఎందుకంటే కంపెనీలు ఇన్నేళ్లుగా కష్టపడుతున్నది అక్కడే. అన్నిటికంటే ఎక్కువ కలిసేది మీ స్వింగ్‌కు సరిపడే లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం), షాఫ్ట్ (క్లబ్ కర్ర), పొడవు దొరికినప్పుడు. అది రెండు మూడేళ్ల నాటి మోడల్‌లో కూడా దొరుకుతుంది.

హెడ్‌లలో రకాలు

పేర్లు చూస్తే కంగారు పుడుతుంది కానీ, దాదాపు ప్రతి కంపెనీ ఒకే తరంలో మూడు నాలుగు హెడ్‌లు విడుదల చేస్తుంది. ఒకటి మ్యాక్స్ రకం, ఎక్కువ క్షమించేది, అంటే బంతి మధ్యలో తగలకపోయినా నష్టాన్ని తగ్గించేది. రెండోది మామూలు హెడ్. మూడోది ఎల్‌ఎస్ లేదా ఎల్‌ఎస్‌టీ అని రాసి ఉండే తక్కువ స్పిన్ రకం, అంటే బంతి గాలిలో తక్కువగా గిరగిరా తిరిగేది. క్యాలవేలో దీన్ని ట్రిపుల్ డైమండ్ అంటారు. నాలుగోది డ్రా వైపు (కుడిచేతి ఆటగాడి బంతి ఎడమకు వంగేలా) మొగ్గే హెడ్, పింగ్‌లో ఎస్‌ఎఫ్‌టీ అని, కొన్ని కంపెనీల్లో డి అనే అక్షరంతోనూ కనిపిస్తుంది. హెచ్‌ఎల్ లేదా ఫాస్ట్ అని ఉంటే తేలికైన క్లబ్, బంతి ఎత్తుగా లేవడానికి చేసినది.

వీటి మధ్య అసలు తేడా బరువు ఎక్కడ పెట్టారన్నదే. హెడ్ మొత్తం బరువు ఏ మోడల్‌లోనైనా సుమారు 200 గ్రాములే. ఆ బరువులో కొంత భాగాన్ని వెనక్కీ, అంచులకీ నెడితే హెడ్ మెలితిరగడానికి ఒప్పుకోదు. కావడికి రెండు చివరలా బరువు వేలాడుతుంటే దాన్ని చటుక్కున తిప్పలేం కదా, ఇదీ అంతే. ఈ మొండితనాన్నే ఎంఓఐ అంటారు. బంతి టో వైపు, అంటే షాఫ్ట్‌కు దూరంగా ఉండే ఫేస్ కొసకు, తగిలినప్పుడు ఎంఓఐ ఎక్కువ ఉన్న హెడ్ తక్కువ మెలిక పడుతుంది. బంతి వేగం తక్కువగా తగ్గుతుంది, దారి కూడా తక్కువగా మారుతుంది.

2024లో వచ్చిన పింగ్ జీ430 మ్యాక్స్ 10కే, టేలర్‌మేడ్ క్యూఐ10 మ్యాక్స్ ఈ కోవలో బాగా వినిపించిన పేర్లు. "10కే" అనే మాట గురించి ఒక వివరం తెలిసి ఉండాలి. నియమాల ప్రకారం నిలువు అక్షం చుట్టూ, అంటే హీల్ (షాఫ్ట్ దగ్గరి కొస) నుంచి టో దిశలో, ఎంఓఐ 5900 దాటకూడదు. కొలతలో సడలింపు మరో 100. పది వేలు అనేది హీల్-టో దిశ కొలతనూ, పైకీ కిందికీ ఉండే కొలతనూ కలిపిన మొత్తం. అది అబద్ధం కాదు, కానీ రెండు మోడళ్లను పోల్చేటప్పుడు ఒకదాని కలిపిన అంకెనూ మరోదాని విడి అంకెనూ పక్కపక్కన పెట్టకండి.

ఎల్‌ఎస్ హెడ్‌లో బరువు ముందుకు, ఫేస్ దగ్గరికి జరుగుతుంది. స్పిన్ తగ్గుతుంది. దానితోపాటు క్షమించే గుణం కూడా తగ్గుతుంది. వేగంగా కొట్టి, బంతి పైకి లేచి బెలూన్‌లా తేలిపోయే సమస్య ఉన్నవారికి ఇది నిజంగా ఉపయోగపడుతుంది. గంటకు 90 మైళ్ల స్వింగ్ ఉన్నవారి చేతిలో మాత్రం, బంతి గాలిలో నిలవడానికి కావలసిన స్పిన్ కూడా లేక ముందే రాలిపోతుంది. టూర్ (వృత్తి పోటీల) ఆటగాళ్ల బ్యాగుల్లో ఇవి కనిపిస్తాయని మనసు వీటి మీదికి పోతుంది. ఆ ఆకర్షణ నాకు అర్థమవుతుంది. చిన్నగా, ముద్దుగా ఉండే ఆ ఆకారం చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ వారాంతాల్లో ఆడేవారికి నా సలహా సూటిగా ఉంటుంది: మీకు ఎల్‌ఎస్ అవసరమని లాంచ్ మానిటర్ (షాట్ వేగం, కోణం, స్పిన్ కొలిచే పరికరం) అంకెలు గట్టిగా చెబితే తప్ప, మ్యాక్స్‌తో మొదలుపెట్టండి.

మ్యాక్స్‌కీ మామూలు హెడ్‌కీ మధ్య ఎంపిక ఇంత సులువు కాదు. మ్యాక్స్ హెడ్ పై నుంచి చూస్తే వెనక్కి సాగినట్టు పెద్దగా ఉంటుంది. కొందరికి దాని ఫేస్‌ను సమయానికి మూయడం (లక్ష్యం వైపు తిప్పడం) కష్టమవుతుంది, బంతి కుడివైపు మొదలవుతుంది. అలాంటివారికి మామూలు హెడ్డే నిలకడగా పనిచేస్తుంది. ఇది కొట్టి చూస్తేనే తెలుస్తుంది.

లాఫ్ట్ దగ్గర కాసేపు ఆగండి

ఒక్క విషయంలోనే జాగ్రత్త తీసుకునే ఓపిక మీకుంటే, దాన్ని లాఫ్ట్ మీద పెట్టండి. తొమ్మిది డిగ్రీల డ్రైవర్ మంచి ఆటగాళ్లదనీ, పన్నెండు డిగ్రీలది నేర్చుకునేవారిదనీ ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. దానివల్ల ఎంతోమంది తమకు రావలసిన దూరాన్ని పోగొట్టుకుంటున్నారు.

లాంచ్ మానిటర్లు తయారుచేసే ట్రాక్‌మ్యాన్ సంస్థ ప్రచురించిన పాత టూర్ సగటులు చూడండి. పీజీఏ టూర్ పురుషుల స్వింగ్ వేగం గంటకు సుమారు 113 మైళ్లు, బంతి లేచే కోణం సుమారు 11 డిగ్రీలు. ఎల్‌పీజీఏ మహిళల వేగం సుమారు 94 మైళ్లు, లేచే కోణం సుమారు 13 డిగ్రీలు. వేగం తగ్గిన కొద్దీ కోణం పెరగాలన్నది ఇందులో స్పష్టంగా కనబడుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. ఆ పురుషులు సగటున బంతిని ఒకటిన్నర డిగ్రీ లోపు కిందికి కొడుతున్నారు. ఆ మహిళలు దాదాపు మూడు డిగ్రీలు పైకి కొడుతున్నారు. తక్కువ వేగంతోనే వాళ్లు సుమారు 218 గజాల క్యారీ (బంతి గాలిలో వెళ్లే దూరం) సాధించడానికి కారణం అదే. సరదాకు ఆడే పురుషుల వేగం కూడా ఎక్కువగా ఈ 94 దగ్గరే ఉంటుంది. కాబట్టి మనం అనుకరించవలసింది ఎవరినో వేరే చెప్పనక్కరలేదు.

స్థూలంగా ఇలా అనుకోవచ్చు. స్వింగ్ వేగం 80 మైళ్ల లోపు ఉంటే 12 డిగ్రీలు, ఇంకా ఎక్కువ ఉన్నా మంచిదే. 80 నుంచి 95 మధ్య ఉంటే పదిన్నర నుంచి 12. 95 నుంచి 105 మధ్య చాలామందికి పదిన్నర సరిపోతుంది. అంతకు మించితే తొమ్మిది దగ్గర వెతకవచ్చు. బంతిని పైనుంచి కిందికి దించి కొట్టే అలవాటు ఉంటే ఇంకో డిగ్రీ కలపండి. బాగా పైకి కొడితే ఒక డిగ్రీ తీసేయండి. మీ వేగం తెలియకపోతే, మధ్యలో బాగా తగిలిన బంతి గాలిలోనే సుమారు 200 గజాలు వెళ్తుంటే మీరు 90 చుట్టుపక్కల ఉన్నారని లెక్క వేసుకోవచ్చు.

లాఫ్ట్ పెంచడంలో ఇంకో లాభం ఉంది, దీని గురించి తక్కువగా మాట్లాడతారు. లాఫ్ట్ ఎక్కువైతే వెనక్కి తిరిగే స్పిన్ పెరుగుతుంది, ఫేస్ చేసిన అదే పొరపాటుకు స్పిన్ అక్షం తక్కువగా వంగుతుంది. అంటే బంతి పక్కకు తక్కువగా వంపు తిరుగుతుంది. మూడో నంబర్ వుడ్‌తో (డ్రైవర్ కంటే పొట్టి, ఎక్కువ లాఫ్ట్ ఉన్న క్లబ్) నేరుగా కొట్టేవారు డ్రైవర్‌తో స్లైస్ (కుడిచేతి ఆటగాడి బంతి కుడికి వంగిపోయే షాట్) కొట్టడానికి ఒక కారణం ఇదే. తొమ్మిది నుంచి పదకొండుకు మారితే కొన్ని బంతులు చెట్ల ముందే ఆగిపోతాయి.

ఫేస్ మీద బంతి ఎత్తు కూడా ఈ లెక్కలో భాగమే. మధ్య కంటే కాస్త పైన తగిలిన బంతి ఎత్తుగా, తక్కువ స్పిన్‌తో వెళ్తుంది. కింద తగిలితే తక్కువ ఎత్తులో, ఎక్కువ స్పిన్‌తో పోతుంది. క్లబ్ మార్చే ముందు టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) ఎత్తు మార్చి చూడండి. క్లబ్‌ను నేల మీద ఉంచినప్పుడు బంతిలో సగం క్రౌన్ (హెడ్ పైభాగం) పైన కనిపించాలి. స్పిన్ ఎక్కువవుతోందని ఎల్‌ఎస్ హెడ్ కోసం వెతికేవారిలో కొందరి అసలు సమస్య పొట్టి టీ.

షాఫ్ట్: అక్షరాన్ని నమ్మకండి

షాఫ్ట్ ఎంత బిగువో చెప్పడానికి దాని మీద ఆర్, ఎస్, ఎక్స్ అని ఉండే అక్షరాలకు పరిశ్రమ మొత్తానికీ కలిపి ఒకే ప్రమాణం లేదు. ఒక కంపెనీ ఆర్, ఇంకో కంపెనీ ఎస్ ఒకే బిగువుతో ఉండవచ్చు. వాడుకలో ఉన్న అంచనా ప్రకారం 75 మైళ్ల లోపు ఎల్, 75-85 మధ్య ఏ లేదా సీనియర్, 85-95 మధ్య ఆర్, 95-105 మధ్య ఎస్, ఆపైన ఎక్స్. దీన్ని వెతుకులాట మొదలుపెట్టే చోటుగా మాత్రమే తీసుకోండి. నిదానంగా వెనక్కి తీసుకెళ్లి సాఫీగా కిందికి వచ్చేవారికి అంచనా కంటే మెత్తనిది నప్పుతుంది. పైన ఒక్కసారిగా కుదుపుతో దిశ మార్చేవారికి అదే వేగంలో గట్టిది నప్పుతుంది.

నా దృష్టిలో ఫ్లెక్స్ (ఈ బిగువు) కంటే షాఫ్ట్ బరువు ముఖ్యం. డ్రైవర్ షాఫ్ట్‌లు ఎక్కువగా 40 నుంచి 70 గ్రాముల మధ్య దొరుకుతాయి. తేలికైనది వేగం పెంచుతుందని అంటారు, కొందరికి పెంచుతుంది కూడా. ఇంకొందరికి క్లబ్ హెడ్ ఎక్కడుందో చేతికి తెలియక, తగిలే చోటు ఫేస్ అంతా చెల్లాచెదురవుతుంది. యాభైల గ్రాములది ఒకటి, అరవైల గ్రాములది ఒకటి, ఒకే హెడ్‌కు బిగించి కొట్టి చూడండి. వేగంలో తేడా రెండు మైళ్ల లోపే ఉండి, తగిలే చోటు దగ్గర దగ్గరగా వస్తుంటే బరువైనదే తీసుకోండి.

ఇక పొడవు. ఇప్పుడు షాపుల్లో దొరికే డ్రైవర్లు ఎక్కువగా 45 అంగుళాల పైన, 46కు కాస్త లోపు ఉంటాయి. పొడవు పెరిగితే వేగం పెరుగుతుందనే లెక్క కాగితం మీద నిజమే. అయితే పొడవైన క్లబ్‌తో ఫేస్ మధ్యను కొట్టడం కష్టం. ఈ ఆటలో అత్యంత నేర్పున్నవారు కూడా ఈ పొడవుకు వెనకాడిన సందర్భాలున్నాయి. 1997 మాస్టర్స్ టోర్నీని 12 స్ట్రోకుల తేడాతో గెలిచినప్పుడు టైగర్ వుడ్స్ చేతిలో ఉన్నది 43.5 అంగుళాల స్టీల్ షాఫ్ట్ డ్రైవర్. 2017లో రికీ ఫౌలర్ తన డ్రైవర్‌ను 43.5 అంగుళాలకు కుదించుకున్నాడు. వాళ్లకంటే మనకు మధ్యలో తగిలించడం సులువు అనుకోవడానికి కారణమేమీ లేదు.

దీన్ని పైసా ఖర్చు లేకుండా పరీక్షించుకోవచ్చు. మీ ఇప్పటి డ్రైవర్‌ను ఒక అంగుళం కిందికి పట్టుకుని ఒక బుట్టెడు బంతులు కొట్టండి. దూరం తగ్గకుండా, బంతులు దగ్గర దగ్గరగా పడితే మీకు పొట్టి క్లబ్ కావాలి. షాఫ్ట్ కోయించేముందు ఒక మాట: పై నుంచి అర అంగుళం తగ్గించినా హెడ్ చేతికి తేలికగా అనిపిస్తుంది, షాఫ్ట్ కాస్త బిగువుగా తోస్తుంది. సోల్ (హెడ్ అడుగు భాగం) మీది స్క్రూ బరువు పెంచి దీన్ని సరిచేయవచ్చు. ఈ పని తెలిసినవారి చేత చేయించుకోవడం మేలు.

గ్రిప్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అరిగిపోయి జారుతుంటే మార్చండి, మీ చేతికి సరైన మందం చూసుకోండి. జారే గ్రిప్‌ను గట్టిగా బిగించి పట్టుకోవడం వల్ల పోయే వేగాన్ని ఏ కొత్త హెడ్డూ తిరిగి తేలేదు.

స్లైస్ కొట్టేవారి ముందున్న మూడు దారులు

డ్రైవర్ మారుద్దామనుకునేవారిలో ఎక్కువమంది స్లైస్‌తో విసిగిపోయినవారే. కుడిచేతి ఆటగాడి బంతి కుడివైపుకు వంగిపోవడానికి మూల కారణం, తగిలే క్షణంలో ఫేస్ స్వింగ్ దారి కంటే కుడివైపు తెరుచుకుని ఉండటం. దీనికి తోడు హీల్ దగ్గర తగిలితే, హెడ్ మెలిక పడి బంతికి ఇంకా స్లైస్ స్పిన్ అంటుతుంది. టో దగ్గర తగిలితే అదే సూత్రం తిరగబడి హుక్ వైపు, అంటే బంతి ఎడమకు వంగేలా, స్పిన్ వస్తుంది. అందుకే ముందు తెలుసుకోవలసింది మీరు ఫేస్ మీద ఎక్కడ కొడుతున్నారన్నది. ఫేస్ మీద కాళ్ల పౌడర్ స్ప్రే పలచగా చల్లి కొట్టండి, ప్రతి బంతి గుర్తు స్పష్టంగా పడుతుంది. గుర్తులన్నీ హీల్ వైపు గుంపుగా ఉంటే, బంతికి కొంచెం దూరంగా నిలబడటం, పొట్టి షాఫ్ట్ వాడటం లాంటి మార్పులతోనే సగం స్లైస్ తగ్గవచ్చు.

మొదటి దారి, డ్రా రకం హెడ్. గుర్తులు మధ్యలోనే ఉండి కూడా బంతి వంగుతుంటే దీన్ని చూడండి. బరువు హీల్ వైపు ఉండటం వల్ల ఫేస్ మూసుకోవడం కాస్త సులువవుతుంది. చాలా మోడళ్లలో హెడ్ కూర్చున్న తీరే కొద్దిగా మూసినట్టు ఉంటుంది. పెద్ద స్లైస్ దీనితో చిన్న స్లైస్ అవుతుంది. చెట్లలో పడే బంతి రఫ్‌లో (ఎత్తుగా పెరిగిన గడ్డిలో) పడుతుంది, రఫ్‌లో పడేది ఫెయిర్‌వే (కత్తిరించిన గడ్డి దారి) అంచున ఆగుతుంది. ఆ మాత్రం మార్పుతో ఒక రౌండ్ రూపే మారిపోతుంది. దీన్ని కొనడానికి సిగ్గుపడవలసిన పనేమీ లేదు.

రెండో దారి, అడాప్టర్. హెడ్‌కూ షాఫ్ట్‌కూ మధ్య ఉండే స్లీవ్‌ను తిప్పితే లాఫ్ట్ ఒకటిన్నర రెండు డిగ్రీల మేర మారుతుంది. లాఫ్ట్ పెంచినప్పుడు, క్లబ్‌ను నేల మీద సహజంగా ఆనిస్తే ఫేస్ కొంచెం మూసుకుంటుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది. స్లైస్ కొట్టేవారు దూరం కోసం లాఫ్ట్ తగ్గించుకుంటే, తమకు తెలియకుండానే ఫేస్ తెరుచుకుని స్లైస్ పెరుగుతుంది. ఇది నేను చాలామంది బ్యాగుల్లో చూస్తుంటాను, చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది. అదే స్లీవ్‌ను రెండో వైపుకు తిప్పితే వాళ్ల ఆట ఆ రోజే తేలికవుతుంది.

మూడో దారి, పాఠాలు. బంతి వంపు చాలా పెద్దదైతే, అంటే ఫెయిర్‌వే ఎడమ అంచుకు గురిపెట్టినా కుడి చెట్లలోకి పోతుంటే, ఏ హెడ్డూ దాన్ని పూర్తిగా పట్టి ఆపలేదు. ముందు గ్రిప్, స్వింగ్ దారి సరిచేయించుకుని తర్వాత క్లబ్ కొలిపించుకోండి. క్రమం తారుమారైతే పాత స్వింగ్‌కు కొన్న క్లబ్ కొత్త స్వింగ్‌తో ఎడమకు లాగుతుంది.

డ్రైవర్ అసలు కావాలా?

ఈ ప్రశ్న అడగడానికి చాలామంది ఇష్టపడరు. బ్యాగులో 14 క్లబ్బుల వరకు ఉండవచ్చని నియమం. అందులో డ్రైవర్ ఉండి తీరాలని ఎక్కడా లేదు. ఇప్పుడు మినీ డ్రైవర్లు వస్తున్నాయి. 2023లో వచ్చిన టేలర్‌మేడ్ బర్నర్ మినీ హెడ్ 304 సీసీ, లాఫ్ట్ 11.5, 13.5 డిగ్రీలు, పొడవు 43.75 అంగుళాలు. పొట్టిగా ఉంటుంది, లాఫ్ట్ ఎక్కువ, టీ మీద నమ్మకం కుదురుతుంది. కానీ హెడ్ చిన్నది కాబట్టి క్షమించడంలో 460 సీసీ మ్యాక్స్‌కు సాటిరాదు. పొడవు వల్లే ఇబ్బంది పడేవారికి ఇది మంచి మందు. తగిలే చోటు ఫేస్ అంతా తిరుగుతుండేవారికి మాత్రం, పెద్ద హెడ్ ఉన్న డ్రైవర్‌నే 44.5 అంగుళాలకు తగ్గించి, 12 డిగ్రీల లాఫ్ట్‌తో వాడటం ఇంతకంటే మంచి పరిష్కారం అని నా అభిప్రాయం. ఇటువంటి కలయిక తయారుగా దొరకడం అరుదు, అడిగి చేయించుకోవాలి.

మూడో నంబర్ వుడ్‌తో టీ షాట్ ఆడటం సరే. అయితే దాని ఫేస్ చిన్నది, సుమారు 15 డిగ్రీల లాఫ్ట్‌తో దూరం కొంత పోతుంది. ఇరుకు హోల్స్‌లో అది తెలివైన పని. ప్రతి హోల్‌లోనూ అదే ఆడవలసి వస్తోందంటే మీ డ్రైవర్‌లో లాఫ్ట్ చాలడం లేదేమో చూసుకోండి.

కొట్టి చూసేటప్పుడు

రెండు లేదా మూడు క్లబ్బులకు మించి ఒక రోజు పోల్చకండి. అలసిపోయిన స్వింగ్‌తో వచ్చిన అంకెలు దేనికీ పనికిరావు. ఒకే క్లబ్‌తో ఏకబిగిన ఇరవై బంతులు కొట్టి మరోదానికి మారితే చివర పట్టుకున్నది వేడెక్కిన ఒంటి వల్ల లాభపడుతుంది. ఐదు బంతులు దీనితో, ఐదు దానితో, మళ్లీ మొదటిదానితో, ఇలా మార్చి మార్చి కొట్టండి. మీ పాత డ్రైవర్ కూడా ఆ వరసలో ఉండాలి. అది లేని పోలిక సగం పోలికే.

వీలైతే మీరు ఆడే బంతినే వాడండి. రేంజ్ (ప్రాక్టీసు మైదానం) బంతులు చాలాచోట్ల తక్కువ దూరం వెళ్తాయి, స్పిన్ కూడా నమ్మదగ్గట్టు ఉండదు. తెర మీద చూడవలసినవి మూడు: సగటు క్యారీ, అతి ఎడమ బంతికీ అతి కుడి బంతికీ మధ్య వెడల్పు, అతి చెడ్డ బంతి వెళ్లిన దూరం. స్వింగ్ వేగంతో భాగించిన బంతి వేగాన్ని స్మాష్ ఫ్యాక్టర్ అంటారు. డ్రైవర్‌కు అది సుమారు 1.5 దగ్గర ఆగిపోతుంది. ఒక క్లబ్‌తో మీకు పది బంతుల్లో 1.45 చుట్టూ నిలకడగా వస్తుంటే, మరోదానితో ఒకసారి 1.49, ఒకసారి 1.35 వస్తుంటే, మొదటిదే మీది.

సగటులో ఐదు గజాల తేడా ఉండి, వెడల్పులో ఇరవై గజాల తేడా ఉంటే నేను ఏమాత్రం ఆలోచించకుండా ఇరుకు వెడల్పు వైపే వెళ్తాను. సగటూ వెడల్పూ రెండూ దాదాపు సమానమైతే అప్పుడు చూడ్డానికి నచ్చినదీ, చప్పుడు నచ్చినదీ తీసుకోండి. చప్పుడు చిన్న విషయం కాదు. 2007లో వచ్చిన నైకీ సుమో స్క్వేర్డ్ క్షమించే గుణంలో తన కాలానికి ముందున్న క్లబ్, కానీ దాని మోత భరించలేక వదిలేసినవారు ఉన్నారు. టీ దగ్గర నిలబడి కిందికి చూసినప్పుడు నమ్మకం కలిగించని క్లబ్‌తో ఎవరూ ధైర్యంగా స్వింగ్ చేయలేరు.

కొత్తదా, పాతదా?

కంపెనీలు ఏటా, లేదా రెండేళ్లకోసారి కొత్త తరం తెస్తాయి. కొత్తది రాగానే నిన్నటి తరం ధర పడిపోతుంది, ఆటలో తేడా మాత్రం అంతగా ఉండదు. నా సొంత డబ్బు పెట్టి కొనాలంటే ఒక తరం వెనకటి మ్యాక్స్ హెడ్ కొని, మిగిలిన డబ్బును ఫిట్టింగ్‌కో (స్వింగ్‌ను కొలిచి క్లబ్‌ను దానికి సరిపోల్చడం) నాలుగు పాఠాలకో పెడతాను. పదిహేనేళ్లు దాటిన డ్రైవర్ వాడుతున్నవారికి మాత్రం మార్పు నిజంగా తెలుస్తుంది, ముఖ్యంగా మధ్య తప్పిన బంతుల్లో. ఎడమచేతి ఆటగాళ్లకు కొన్ని మోడళ్లు, కొన్ని లాఫ్ట్‌లు దొరకవు కాబట్టి నచ్చినది కనబడితే ఆలస్యం చేయకపోవడమే మంచిది.

వాడినది కొంటే ఫేస్‌ను వెలుతురులో పట్టి సన్నని పగుళ్లు ఉన్నాయేమో చూడండి. హెడ్‌ను చెవి దగ్గర ఊపండి; లోపల ఏదో గలగలమంటే ఊడిన ముక్క ఉన్నట్టే. క్రౌన్ అంచున పెచ్చులు టీ షాట్లు పైకి తగిలిన గుర్తులు, వాటివల్ల ఆటకు పెద్దగా నష్టం లేదు, బేరానికి పనికొస్తాయి. షాఫ్ట్ పొడవు కొలవండి, ఎవరైనా కోసి ఉండవచ్చు. నమ్మలేనంత చవకగా దొరికే కొత్త మోడల్ నకిలీ కావచ్చు. సీరియల్ నంబర్‌ను కంపెనీ దగ్గర సరిచూసుకోనివ్వని అమ్మకందారు దగ్గర కొనకండి.

చివరికి మీకు ఏది?

స్వింగ్ వేగం 85 మైళ్ల లోపు ఉన్న ఎవరికైనా, ఆడవారైనా మగవారైనా, వయసు పైబడినవారైనా: తేలికైన హెచ్‌ఎల్ రకం లేదా మ్యాక్స్ హెడ్, 12 డిగ్రీలు లేదా ఆ దగ్గరి లాఫ్ట్, మెత్తని షాఫ్ట్. "సీనియర్" అనో "లేడీస్" అనో రాసి ఉందని తప్పించుకోకండి, ఆ షాఫ్ట్‌తో బంతి ఎత్తుగా లేచి దూరం పోతుంటే అక్షరం ఎవరికి కావాలి?

90 చుట్టుపక్కల ఉండి, బంతి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు పోయేవారికి: మ్యాక్స్, పదిన్నర నుంచి 12 డిగ్రీలు, 45 అంగుళాలు లేదా తక్కువ. ఈ గుంపులోనే ఎప్పుడూ కుడికే పోయేవారికి డ్రా హెడ్. 105 దాటి కొట్టి, బంతి మరీ ఎత్తుకు లేచి ఆగిపోయేవారు ముందు మామూలు హెడ్‌లో లాఫ్ట్ తగ్గించి చూడాలి. అప్పటికీ స్పిన్ నిమిషానికి 3000 పైనే ఉంటే ఎల్‌ఎస్ కొట్టి చూడవచ్చు, అదీ చెడ్డ బంతుల వెడల్పు పెరగకపోతేనే.

కొన్నాక స్లీవ్‌నూ బరువులనూ రేంజ్‌లోనే మార్చి చూసుకోండి, రెంచ్ టక్‌మని శబ్దం చేసేదాకా బిగించండి. పోటీలో రౌండ్ మొదలయ్యాక క్లబ్ పనితీరు మారేలా అమరికలు తిప్పడాన్ని నియమం 4.1 ఒప్పుకోదు. ఒక అమరిక దగ్గర ఆగి, కొన్ని రౌండ్లు దానితోనే ఆడండి, బంతులు ఏ వైపు ఎక్కువ పోతున్నాయో స్కోర్‌కార్డు వెనక రాసుకోండి. తర్వాత మార్చవలసి వస్తే ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏ మార్పు ఏం చేసిందో తెలియదు.